బండికి నోరెక్కడ?

ఆ రోజుల్లో, అంటే గుర్గావ్‌లో గాజు మేడలు ఒక్కొక్కటే లేస్తూ, మెట్రో రైలు ఇంకా మా వైపు తొంగిచూడని రోజుల్లో, నాకు జీతం కన్నా ధైర్యం ఎక్కువగా ఉండేది. ఆఫీసులో పని కాస్త తెరిపిచ్చినప్పుడు ఇంటర్నెట్‌లో నాలుగు పేజీలు చదివితే చాలు, ఏ యంత్రాన్నయినా విప్పేయగలననిపించేది. తిరిగి బిగించడమెలాగో ఆ పేజీల్లో ఉండేది కాదు, నేనూ వెతికేవాణ్ణి కాదు. (చిన్నప్పుడు అమలాపురంలో మా ఇంటి గోడగడియారం విప్పిన ఘనత కూడా నాదే. అది ఇప్పటికీ మా అమ్మ దగ్గర ఒక డబ్బాలో క్షేమంగా ఉంది.) ఇప్పుడు టైర్లో గాలి తగ్గినా సర్వీసు సెంటరుకు ఫోన్ చేసే పెద్దమనిషినైపోయాను గానీ, చేతులకు గ్రీజు పూసుకుని తిరిగిన ఆ కుర్రాడంటే నాకు ముచ్చటే.

ఢిల్లీలోని మునిర్కాలో మా అద్దె గది మూడో అంతస్తులో ఉండేది. నాతోపాటు ఉండేవాడిది కరీంనగర్. సివిల్స్ కోచింగుకని రోజూ కరోల్ బాగ్ వెళ్లొచ్చేవాడు గనక, పరీక్ష రాయకముందే వాణ్ణి మేం కలెక్టరును చేసేశాం. కింద ఇంటివాళ్లు ఉండేవారు. ఇంటావిడను గల్లీ అంతా తాయీజీ అని పిలిచేది, అంటే పెద్దమ్మ. నేను వచ్చిన కొత్తలో పచ్చకామెర్లతో మంచాన పడితే, ఆవిడ మోకాళ్లు పట్టుకుని మెట్లన్నీ ఎక్కొచ్చి గోధుమరవ్వ జావ తాగించేది. వద్దని మొహం తిప్పుకుంటే, "ఖాళీ కడుపుతో ఎలా నడుస్తుంది బేటా?" అని గదమాయించేది. (ఆవిడది హర్యాణా యాస హిందీ. నాకు అర్థమైన మేరకు తెలుగు చేసి చెబుతున్నాను, తప్పులుంటే నావి.) నేను ఆవిడకేమీ కాను. మా ఊరెక్కడో కూడా ఆవిడకు తెలియదు, మద్రాసు పక్కన ఎక్కడో అనుకునేది. అలాంటిది, కన్నతల్లిలా చూసుకుంది. ఆ ఇంటికి ఏ కాస్త పని చేసిపెట్టే అవకాశం వచ్చినా నేను ఎగిరి గంతేసేవాణ్ణి.

అవకాశం ఆవిడ ఒక్కగానొక్క కొడుకు రూపంలో వచ్చింది. అతన్ని అందరూ పహిల్వాన్ అనేవాళ్లు. మట్టిలో కుస్తీ పట్టే మనిషి, మెడా తలా ఒకే మందంలో ఉండేవి. అంతటివాడికి గుర్రమంటే చచ్చేంత భయం. చిన్నతనంలో ఎవరి పెళ్లిలోనో పెళ్లికొడుకు ముందు గుర్రం మీద కూర్చోబెడితే, బాణసంచాకు అది బెదిరి ఇతన్ని తీసుకెళ్లి మురుక్కాలవలో దింపిందట. ఇప్పుడు తన పెళ్లి కుదిరింది. వాళ్లలో వరుడు ఆడగుర్రమెక్కి ఊరేగింపుగా రావాల్సిందే. కారులో వస్తానంటే వాళ్ల నాన్న తావూజీ ఒప్పుకోలేదు. "కారులో దిగేవాణ్ణి చుట్టమంటారు, పెళ్లికొడుకనరు," అని తేల్చేశారు.

ఒక ఆదివారం పహిల్వాన్ డాబా మీదకొచ్చి, బట్టలారేసుకుంటున్న నా పక్కన నిలబడ్డాడు. "భయ్యా, నేను గుర్రమెక్కితే ఏడ్చేస్తాను," అన్నాడు మెల్లగా. "అత్తారింటి గుమ్మం ముందు ఏడ్చినవాణ్ణి ఆ అమ్మాయి జన్మంతా ఏమనుకుంటుంది చెప్పు." అతని గొంతులో వేళాకోళం లేదు. నాకు జాలేసింది.

అప్పుడు గుర్తొచ్చింది, వాళ్ల బర్రెల కొట్టంలో పడున్న క్వాడ్ బైకు. ఛతర్‌పూర్ వైపు ఎవరో ఫామ్‌హౌస్ ఖాళీ చేస్తుంటే పహిల్వాన్ సరదాపడి తెచ్చాడు. నాలుగు లావుపాటి టైర్లు, మోటారు సైకిల్లాగే అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవడం, చేతిలో హ్యాండిలు. రేసుల కోసం పుట్టిన టూ స్ట్రోకు బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి, కాలితో కిక్కు కొట్టి లేపాలి. ఫామ్‌హౌస్ నెమళ్లు దాని సీటును ఏం చేసి వదిలాయో చెప్పడం మర్యాద కాదు. దీని మీద ఊరేగితే ఎలా ఉంటుందని తావూజీని అడిగాను. ఆయన కర్రతో టైరు పొడిచి, చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "పైకెక్కి కూర్చోవాలి. కళ్లెం లాంటిది చేతిలో ఉంటుంది. ఠీక్ హై. కానీ గుర్రం కూడా వెనకాలే వస్తుంది. ఇది దారిలో ఆగిందంటే ఆ గుర్రమే ఎక్కాలి," అన్నారు. పహిల్వాన్ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు నా వేళ్లు కలుక్కుమన్నాయి.

ఇక మా గది గ్యారేజీ అయిపోయింది. కార్బరేటరు విప్పితే లోపల పాత పెట్రోలు జిగురై కూర్చుంది. అందులోని ఇత్తడి జెట్టు బెజ్జం సూదిమొనంత. దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి ఊది ఊది నాకు దవడలు పడిపోయాయి. పిస్టను రింగులు అరిగిపోతే, సరిగ్గా అదే కొలతవి దొరక్క మరో బండివి తెచ్చి ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టాను. ఇవన్నీ మోసుకొచ్చేవాడు కలెక్టరే. కోచింగు అవగానే కరోల్ బాగ్ స్పేరు పార్టుల దుకాణాల మీద పడి, రాజ్యాంగం పుస్తకాల మధ్య ప్లగ్గులూ గాస్కెట్లూ పెట్టుకుని తెచ్చేవాడు. "నాకు ఇంటర్వ్యూల ఇండియా జీడీపీ అడిగితే రాదు గని, పిస్టన్ క్లియరెన్స్ అడగుమను, చెప్త," అని గొణుక్కునేవాడు. గొణుక్కుంటూనే రోజూ తెచ్చేవాడు, అదీ వాడి మంచితనం.

బండి లేచింది. లేచినప్పుడు వచ్చిన పొగకు బర్రెలన్నీ కొట్టం వదిలి వీధిలోకొచ్చాయి. అక్కడితో నేను ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. ఇంజను పీల్చే గాలిని వడకట్టే ఫిల్టరుండే గాలి పెట్టె మూత తీసేసి, జెట్టు కాస్త పెద్దది వేస్తే ఇంజను గుండెల నిండా ఊపిరి తీసుకుని రెచ్చిపోతుందని ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు రాశాడు. ఆయన ఇసుక కొండలెక్కడానికి రాశాడు, మేం వెళ్లేది పెళ్లికి. ఆ తేడా నాకు తట్టలేదు. మూత పీకి పారేశాను. పహిల్వాన్ భారీ శరీరానికి చెక్క వేసి సీటు ఎత్తు పెంచాం, దాంతో సీటు వెనక ఆ గాలి పెట్టె నోరు తెరుచుకున్నట్టు కనిపించేది. శబ్దం మాత్రం అదిరిపోయింది. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

మొదటిసారి నడిపినప్పుడు పహిల్వాన్ ఏక్సిలరేటరు ఇలా తిప్పాడో లేదో, ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి తిన్నగా గడ్డివాములోకి దూరింది. నెత్తిన గడ్డితో బయటికొచ్చిన అతని చూపు, 'గుర్రమే నయమేమో' అన్నట్టుంది. కలెక్టరుకు ఒళ్లు మండింది. "ఏందిర నువ్వు, మనం పెండ్లికి పోతున్నమా, రేసుకు పోతున్నమా? బరాత్‌ల మంది ఎగురుకుంట అడుగుకోపాలి ఆగుతరు. ఇది ఉరుకుడే గని నడుసుడు ఎర్గదాయె." మాట నిజం. అప్పుడు ముందువైపు పళ్లచక్రం చిన్నది వేసి వేగం తగ్గించాను, బండి ఉత్తినే నిలబడ్డా ఇంజను ఆగకుండా సరిచేశాను. పరీక్ష చెయ్యాలి కదా. వెనక సందులో కలెక్టరు ఒక్కడే ఊరేగింపు జనమంతా తానే అయి తీన్మార్ ఆడుతూ నడిస్తే, వాడి వెనకే పహిల్వాన్ బండి మీద అంగుళమంగుళం కదిలాడు. భావి కలెక్టరు గారు అలా ఆడటం చూసి గల్లీ ఆడవాళ్లు కిటికీల్లో గుమిగూడారు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. గాలి పెట్టె మూత మాత్రం తిరిగి పెట్టలేదు, ఆ శబ్దం మీద నా మోజు అలాంటిది.

పెళ్లి చలికాలంలో. మండపం వసంత్ కుంజ్ దగ్గర. పక్కనున్న పార్కు దగ్గర సాయంత్రం ఎండలో ఊరేగింపు సిద్ధమైంది. బండికి ఎర్ర మఖ్మలు గుడ్డ కప్పి జరీ అంచులు కుట్టారు, హ్యాండిలుకు మువ్వలు కట్టారు. పూల తెర మొహం మీద వేలాడుతూ పహిల్వాన్ ఎక్కి కూర్చున్నాడు. వెనక కాస్త దూరంలో తెల్ల గుర్రం, దాని తాడు పట్టుకుని గుర్రం మనిషి. నేను జేబులో ప్లగ్గులు, నడుముకు స్పానరు పెట్టుకుని పక్కన నిలబడ్డాను.

అంతలో తాయీజీ పళ్లెం పట్టుకుని వచ్చింది. పెళ్లికొడుకు బయలుదేరే ముందు అక్కచెల్లెళ్లు గుర్రానికి నానబెట్టిన శనగపప్పు తినిపించడం వాళ్ల ఆచారం. పహిల్వాన్‌కు తోబుట్టువులు లేరు గనక ఆవిడే వచ్చింది. బండి చుట్టూ తిరిగి చూసి, నన్నడిగింది. "బేటా, దీని నోరెక్కడ?"

యంత్రం గురించి నన్నొకరు అడగడమే మహాభాగ్యం. మఖ్మలు గుడ్డ ఎత్తి గర్వంగా చూపించాను. "ఇదిగో తాయీజీ. గాలి ఇక్కణ్ణుంచే తీసుకుంటుంది. నోరూ ముక్కూ అన్నీ ఇదే." ఆవిడ "అచ్ఛా" అని తలూపింది. బొట్టు పెడుతుంది కాబోలనుకున్నాను. ఇంతలో బ్యాండువాళ్లు దారి తప్పుకోమని అరిస్తే అటు వెళ్లాను.

డోలు మోగింది, బండి లేచింది, ఊరేగింపు జనం చిందులు మొదలుపెట్టారు. కాస్త దూరం వెళ్లామో లేదో ఇంజను దగ్గింది. ఎన్నడూ దగ్గని బండి. పొగ నల్లగా రావడం మొదలైంది (జనం దాన్ని ప్రత్యేక ఏర్పాటనుకుని అందులోకి దూకి మరీ ఆడారు). వంగి ప్లగ్గు మార్చాను. మళ్లీ కాస్త దూరం, మళ్లీ దగ్గు. మళ్లీ మార్చాను. కలెక్టరు నా పరిస్థితి చూసి, అది ఎవరికీ కనబడకుండా బండికి అడ్డంగా నిలబడి ఒళ్లు మరిచి ఆడుతున్నాడు. మండపం గుమ్మం కనిపిస్తోంది, దండలు పట్టుకుని ఆడపెళ్లివాళ్లు నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు బండి ఒక్క గుక్క పెట్టి ఆగిపోయింది. కిక్కు కొట్టాను, కొట్టాను, కొట్టాను. ఉహూఁ.

తావూజీ కర్ర పైకెత్తి గుర్రాన్ని తీసుకురమ్మని సైగ చేశారు.

పూల తెర వెనక పహిల్వాన్ మొహం కనబడలేదు గానీ, పూలు వణకడం కనిపించింది. "భయ్యా," అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. జావ పోసి బతికించిన తల్లి కొడుకును నలుగురిలో నిలబెట్టి ఏడిపించబోతున్నాను, అదీ నా పనితనం.

గుర్రం దగ్గరికొచ్చింది. వచ్చి, ఆగాల్సిన చోట ఆగలేదు. తన మనిషి చేతిలోంచి తాడు లాక్కుని, పహిల్వాన్ నడుము పక్కనుంచి మూతి తోసి, మఖ్మలు గుడ్డ కిందికి తల దూర్చింది. పహిల్వాన్ ఊపిరి బిగబట్టి శిలైపోయాడు. లోపలినుంచి పటపటా నమిలే చప్పుడు. గుడ్డ ఎత్తి చూద్దును కదా, గాలి పెట్టె నిండా శనగపప్పు, పైన బెల్లం ముక్క. తల్లి చేత్తో పెట్టినట్టు, చోటున్నంత మేరా కూరి కూరి పెట్టి ఉంది. గాలి ఆడక ఇంజనుకు ఉక్కిరిబిక్కిరైంది, అంతే. తనకు రావాల్సిన పప్పు ఎక్కడికి పోయిందో ఆ గుర్రం వాసనతో పసిగట్టింది.

"భయ్యా, ముందుగాల దాన్ని తిననియ్యి," అని కలెక్టరు గుర్రం మనిషిని ఆపాడు. అందినంత మేరా తిని, పెట్రోలు వాసన తగిలి ఒక తుమ్ము తుమ్మి గుర్రం తల తీసేసింది. నేను ఫిల్టరు లాగి దులిపి, తుడిచి, కొత్త ప్లగ్గు బిగించి కిక్కు కొట్టాను. మొదటి కిక్కుకే లేచింది. నా జన్మలో అంత కమ్మని శబ్దం మళ్లీ వినలేదు.

పహిల్వాన్ మాత్రం తన చేతినే చూసుకుంటున్నాడు. గుర్రం మూతి తాకి తడిసిన చెయ్యి. "నన్నేం చెయ్యలేదు," అన్నాడు ఆశ్చర్యంగా. బండి మీదే గుమ్మం దాకా వెళ్లాడు, పక్కనే గుర్రం నడిచింది. దిగి, దండకు మెడ వంచేముందు, దాని నుదుటి మీద చెయ్యి వేశాడు. తావూజీ వియ్యంకుడితో, "మావాడి వెంట రెండు గుర్రాలు," అని మీసం దువ్వారు.

భోజనాల దగ్గర తాయీజీని పట్టుకుని, ఫిల్టరుకు అతుక్కున్న పప్పుగింజలు అరచేతిలో చూపించాను. బండి నిజంగా తింటుందనుకున్నారా అని అడిగాను. ఆవిడ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఇనుమని తెలియదా నాకు? అయినా నా కొడుకును మోయాలి కదా. ఖాళీ కడుపుతో ఎలా నడుస్తుంది బేటా?" కళ్లు చెమ్మగిల్లితే పొగ పడిందని బుకాయించాను. ఆ మహానగరంలో ఎవరికీ ఏమీ కానివాణ్ణి, నాకూ ఆవిడ అలాగే పెట్టింది మరి. లెక్కలేసుకోకుండా, ఎదురుగా ఉన్నది నడవాలి గనక పెట్టింది.

ఈమధ్య ఢిల్లీ పని మీద వెళ్లి, ఉండబట్టలేక మునిర్కా వెళ్లాను. నోయిడాలో స్థిరపడ్డ కలెక్టరు (కలెక్టరు కాలేదు, లెక్చరరయ్యాడు, పేరు మాత్రం మారలేదు) తన కరెంటు కారు ఇస్తే నడుపుకుంటూ వెళ్లాను. ఆ గల్లీలోకి దాన్ని దూర్చడానికి తల ప్రాణం తోకకొచ్చింది. తాయీజీ కర్ర ఊతంతో గుమ్మంలోకొచ్చింది. నన్ను గుర్తుపట్టి, గెడ్డం పట్టుకుని, కొంగులో ఏదో మూట కట్టుకుని వచ్చి కారు చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"దీని నోరెక్కడ?" అంది, కళ్లలో నవ్వు దాచుకుంటూ.

"దీనికి నోరు లేదు తాయీజీ. కరెంటు."

ఆవిడ కొంగు ముడి విప్పి లడ్డూ తీసింది. "సరే. అయితే నువ్వు తెరువు."

బట్టతలా, బొజ్జా వేసుకుని, గల్లీలో అందరూ చూస్తుండగా నేను నోరు తెరిచాను.