గుమ్మం పక్క కుర్చీ

ఆ సెలూన్‌లో రెండే కుర్చీలు. గుమ్మం పక్కది అన్నయ్యది, కిటికీ పక్కది తమ్ముడిది. వచ్చేపోయేవాళ్లు వాళ్లిద్దరినీ గుమ్మం, కిటికీ అనే పిలిచేవారు. బెంచీ మీద నలుగురు పేపరు తిరగేస్తూ కూర్చుంటారు. గుమ్మం కుర్చీ ఖాళీగా ఉంటుంది. అయినా ఒక్కడూ లేవడు. "పర్లేదులే, కిటికీ దగ్గరే చేయించుకుంటాం" అంటారు. ఈ మాట గుమ్మం నలభై ఏళ్లు విన్నాడు.

నేను మాత్రం ఆయన కుర్చీలోనే కూర్చునేవాణ్ణి. జాలితో కాదు. నాకు ఎదురుచూసే ఓపిక లేదు, అంతే.

టీచర్లకు శిక్షణనిచ్చే కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, తల వంచమన్నా నోరు ఊరుకోదు. ఓరోజు అక్కడే పాఠం మొదలుపెట్టాను. పుట్టినప్పటి నుంచి పోయేదాకా మనిషి మనసు ఎనిమిది మెట్లు ఎక్కుతుంది, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పరీక్ష ఉంటుంది అన్నాను. ఒళ్లో పిల్లకు ఈ లోకాన్ని నమ్మొచ్చా అన్నది పరీక్ష. తప్పటడుగుల వయసులో నా పని నేను చేసుకోగలనా అన్నది. అలా ముసలితనం దాకా పోతే, నేను బతికిన బతుకు నాదేనని ఒప్పుకోగలనా అన్నది ఆఖరి పరీక్ష.

నా చెవి పక్కన కత్తెర ఆగింది.

"ఎనిమిదా మాస్టారూ? ఎనిమిదింటి మీదా మా తమ్ముడు నాకంటే ముందే ఎక్కి కూర్చున్నాడు."

ఇక ఆ రోజు పాఠం ఆయనే చెప్పాడు.

"నాకు ఏడాదిన్నర కూడా నిండలేదు. పొద్దున లేచి చూస్తే మా అమ్మ ఒళ్లో ఇంకోడు. నన్నెవరైనా అడిగారా?"

ఏడాదిన్నర వయసు సంగతులు ఎవరికీ గుర్తుండవంటుంది శాస్త్రం. ఈయనకు గుర్తున్నాయి.

"మూడేళ్లకి నా చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నా. ఒక్కరూ చూళ్లేదు. వాడు రెండున్నరకే పెట్టుకుంటే వీధంతా పిలిచి చూపించారు. పైగా అది నా చొక్కా."

తమ్ముడు నాలుగడుగుల దూరంలో ఎవరికో గడ్డం గీస్తూ నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వే అన్నకు ఒళ్లు మండిస్తుంది.

ఆరేళ్ల వయసులో గుమ్మం తన నాన్న కత్తెర దొంగిలించాడట. బోర్లించిన బకెట్ మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి మొదటి క్షవరం చేశాడు. ఒక పక్క అడవి, ఒక పక్క బోడి. నాన్న బెల్టు తీశాడు. తమ్ముడేమో అద్దంలో ఇటు తిరిగి, అటు తిరిగి చూసుకుని "బాగుంది అన్నా" అన్నాడు. ఆ తలతోనే పదిహేను రోజులు వీధిలో తిరిగి, మా అన్న చేశాడని అందరికీ చెప్పుకున్నాడు.

"దెబ్బలు నాకు, ముద్దులు వాడికి. నా తప్పుతో కూడా వాడే పేరు తెచ్చుకున్నాడు మాస్టారూ!"

బళ్లో కొత్త టీచరు ఎవరొచ్చినా "నువ్వు వాడి అన్నవా?" అని ఆశ్చర్యపోయేవారు. పదహారేళ్లకు నాన్న ఈయన్ని ఈ కుర్చీ వెనక నిలబెట్టాడు. తమ్ముడికి చదువొచ్చు, ఏ ఆఫీసుకైనా పోగలడు. అయినా కావాలనే ఇక్కడికొచ్చాడు. "నేను నూతిలో పడ్డా. వాడు అదే నూతిలోకి దిగి ఈత కొట్టాడు." పెళ్లయిన నెలకు భార్య "మీ తమ్ముడిలా ఓసారి నవ్వండి చూద్దాం" అందట. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆయన అందుకే నవ్వడం లేదు.

ఏడో మెట్టు మన తర్వాతివాళ్లను తయారుచేయడం అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన కొడుకు పని నేర్చుకున్నది బాబాయి దగ్గర. ఇప్పుడు మూడు వీధుల అవతల ఇంకొకరి షాపులో చేస్తున్నాడు. "పొరుగింటి పుల్లకూర రుచి" అని మాత్రం అని, ఆయన నా మెడ మీద పౌడరు కాస్త గట్టిగానే కొట్టాడు.

నాకు నవ్వు రాలేదు. నాకంటే ఐదేళ్లు చిన్నవాడు ప్రిన్సిపాలైన రోజున జ్వరమని ఇంట్లో పడుకున్నవాణ్ణి నేను. కడుపుమంట రుచి నాకు తెలుసు.

పోయిన వర్షాకాలంలో గుమ్మం చెయ్యి వణకడం మొదలైంది. మొదట తెగింది నా చెవే. తర్వాతి నెల నేను వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను, కిటికీ కోసం. ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. తిరిగి తన గుడ్డ మడత పెట్టుకున్నాడు. ఓ మాటన్నా బాగుండేది.

ఉన్న ఒక్క తలా పోయింది. కొడుకు వచ్చి నెమ్మదిగానే చెప్పాడు. "నాన్నా, ఈ ఆదివారం దాకా చూద్దాం. ఎవరూ కూర్చోకపోతే నీ చోట నేను నిలబడతా." ఆ కుర్చీ తప్ప తనదని చెప్పుకోవడానికి గుమ్మానికి ఇంకేముంది? వారమంతా దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

ఆదివారం నాతో సహా బెంచీ నిండిపోయింది. కొడుకు కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటినా గుమ్మం కుర్చీ ఖాళీ. అప్పుడు కిటికీ తన ముందున్నాయన పని ముగించి, గుడ్డ దులిపి, తర్వాతివాణ్ణి పిలవకుండా నేరుగా వెళ్లి అన్న కుర్చీలో కూర్చున్నాడు.

ఎంత పనివాడైనా తన తల వెనక తాను కత్తిరించుకోలేడు. అందుకని అన్నదమ్ములు నెలకోసారి, షాపు సెలవు రోజున, షట్టరు దించుకుని ఒకరికొకరు చేసుకునేవారు. అది బయటివాళ్లెవరూ చూడలేదు.

"అన్నా, జుట్టు పెరిగింది. కాస్త తగ్గించు."

"సెలవు రోజు చేస్తాగా."

"ఇప్పుడే కావాలి."

గుమ్మం గుడ్డ కట్టాడు. కత్తెర తీశాడు. షాపులో ఎవరూ పేపరు తిప్పలేదు. కుడి చెవి పైన, బొటనవేలంత మేర, జుట్టు గొయ్యిలా లేచిపోయింది. క్షవరం చేసేవాడి తలే వాడి షాపు బోర్డు. అది తెలిసే కూర్చున్నాడు తమ్ముడు. అద్దంలో ఇటు తిరిగి, అటు తిరిగి చూసుకున్నాడు.

"బాగుంది అన్నా."

పెద్దాయన కళ్లు చెమ్మగిల్లుతాయనుకున్నాను. పాఠాలు చెప్పినవాణ్ణి కదా! ఆయన మొహం కందగడ్డయింది. కత్తెర ఠక్కున అరమీద పడింది.

"నాకు ఆరేళ్లప్పుడు ఓసారి అన్నావు ఈ మాట. దెబ్బలు నాకు, పేరు నీకు. మళ్లీనా? రేపట్నుంచి వీధంతా ఏమంటారు? అన్న కోసం తలిచ్చిన మహానుభావుడంటారు. అది కూడా నీకేనా?"

"అది కాదన్నా..."

"తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే. నోర్మూసుకుని కూర్చో." కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్, ఇటు రా. మీ బాబాయి తల సరిచెయ్. ఇవాళ్టి నుంచి ఈ కుర్చీ నీది."

కొడుకు చుట్టూ పొట్టిగా కత్తిరించి గొయ్యి కనబడకుండా చేశాడు. అంతసేపూ గుమ్మం వీపు వెనక తన కుడి మణికట్టును ఎడమ చేత్తో బిగించి పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి మెట్టు ప్రశాంతంగా ఎక్కాలని నా పుస్తకాల్లో ఉంది. ఈయన తమ్ముణ్ణి పక్కకు తోసి ఎక్కాడు.

మొన్న మళ్లీ వెళ్లాను. బెంచీ మీద ముగ్గురున్నారు, అందరూ కిటికీ కోసమే. గుమ్మం కుర్చీ వెనక కొడుకు ఊరికే దువ్వెన తుడుస్తున్నాడు. బెంచీ చివర పెద్దాయన. నేను పక్కన కూర్చుని పేపరు అందుకోగానే ఆయన దాన్ని లాగేశాడు.

"అక్కడ ఖాళీగా ఉంది, కనబడట్లేదా మాస్టారూ?"

"పర్లేదులెండి, కిటికీ దగ్గరే..."

నా మోచెయ్యి దొరకబుచ్చుకుని లేపాడు. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, పట్టు మాత్రం వదల్లేదు.

"లేవండి. నలభై ఏళ్లు నేను విన్న మాట నా కొడుకు వినడానికి వీల్లేదు."

వెళ్లి కూర్చున్నాను.