మైకు సెట్టు బాషా ఆదివారాలు

ప్రొద్దుటూరులో దేవుళ్ళకు గొంతు అద్దెకిచ్చేవాడు కమాల్ బాషా. ముప్పై నాలుగేండ్లుగా అదే పని. ఉరుసులో ఖవ్వాలీ, జాతరలో అమ్మవారి పాటలు, సువార్త కూటంలో స్వస్థత ప్రార్థన, చవితి పందిట్లో తొమ్మిది రోజుల హోరు, అన్నీ ఆయన పెట్టెల్లోంచే ఊరి మీద పడతాయి. ఏ పండగకు ఎన్ని యాంప్లిఫయర్లు కాలిపోయాయో వేళ్ళ మీద లెక్క చెప్పగలడు. ఈ విషయంలో ఏ మతమూ ఇంకో మతానికి తీసిపోలేదు. పూజారులు, ముల్లాలు, పాస్టర్లు అందరూ ఆయన దగ్గరికొచ్చి కోరేది ఒకటే: "ఇంకొంచెం పెంచప్పా." తగ్గించమని అడిగిన భక్తుణ్ణి ఆయన ఇంతవరకు చూడలేదు.

భక్తుల మాట కాదనకుండా హారన్ల పక్కన నిలబడి నిలబడి ఆరేండ్ల కిందట ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం మిగిలింది గాని, అందులో ఎప్పుడూ ఒక దోమ పాడుతూ ఉంటుంది. కడపలో చెవుల డాక్టరు చూసి, "ఉన్నదన్నా కాపాడుకో. శబ్దానికి దూరంగా ఉండు" అన్నాడు. తర్వాత "నువ్వేం పని చేస్తావు?" అని అడిగాడు. బాషా చెప్పాడు. డాక్టరు చీటీ రాసిచ్చాడు.

ఆ ఆదివారమే ఆయన జమ్మలమడుగు పోయాడు. ఒక పెండ్లికిచ్చిన పెట్టెలు తెచ్చుకోవాలి. పెండ్లివాళ్ళు ఇంకా లేవలేదు. పక్కిల్లు రిటైరైన నర్సు ఆదిలక్ష్మమ్మది. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అంటారు. ఆమె ఇంటి ముందు, వీధి వైపు, కడప బండలు కప్పిన గదిలో అయిదారుగురు గుండ్రంగా కుర్చీలేసుకుని, తలలు వంచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉన్నారు.

బాషా వాకిట్లోనే చెప్పులు విడిచి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎవురు పోయినారమ్మా?"

"ఎవురూ పోల్యా. కూచోప్పా" అంది సిస్టరమ్మ.

కూర్చున్నాడు. గంటసేపు ఎవరూ ఏమీ అనలేదు. చెవిలో దోమ కూడా అలిసిపోయినట్టు మెల్లగా పాడింది. గంట కాగానే పక్కనున్న మనిషి ఆయనతో చేయి కలిపాడు. అందరూ లేచి టీలు తాగారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తొమ్మిది గంటల బస్సు ఆయనదే.

వాళ్ళు క్వేకర్లని ఆయనకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఎప్పుడో ఇంగ్లండులో పుట్టిన గుంపు. పూజారి లేడు, పాట లేదు, చదవాల్సిన పుస్తకం లేదు. మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట తోస్తే లేచి చెప్పి కూర్చోవచ్చు. సిస్టరమ్మ పడుచు వయసులో ఒక దొరసాని డాక్టరు దగ్గర పని చేసింది. ఆ దొరసాని పోతూ పోతూ ఏడు పేము కుర్చీలూ ఈ అలవాటూ ఆమెకు వదిలిపోయింది.

కుర్చీలు ఏడు, నమ్మకాలూ ఏడుకు తక్కువ లేవు. సిస్టరమ్మకు యేసు ప్రభువు. పులివెందుల దగ్గర గొర్రెలు మేపే తిరుపాలుకు అంకాళమ్మ, ఆంజనేయస్వామి, యేసు ప్రభువు, అదనంగా ఒక దర్గా. వాన ఎవరిచ్చినా తీసుకుంటాడు. తుమ్మలపల్లె గనిలో పనిచేసి రిటైరైన చిన్నసుబ్బయ్యకు దేవుడే లేడు. లేడని నిర్ధారించుకోవడానికి అన్నట్టు ఒక్క ఆదివారం కూడా మానడు. దేవుడు లేడనే క్వేకర్లు ఇంగ్లండులోనూ ఉన్నారని ఎవరో ఆయనకు ఉత్తరం రాశారు. ఏ విగ్రహానికీ చేతులెత్తని చిన్నసుబ్బయ్య ఆ ఉత్తరాన్ని మాత్రం పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు.

బాషా నమ్మకం గురించి ఎవరూ అడగలేదు. ఆయన శుక్రవారం జుమ్మాకు పోతాడు, ఆదివారం ఇక్కడికొస్తాడు. ఆరేండ్లలో ఒక్కసారి కూడా లేచి మాట్లాడలేదు. ఆ గదిలో ఆయన చెప్పదగిన మాట "హలో, మైక్ టెస్టింగ్" ఒక్కటే. దానికక్కడ పని లేదు.

ఇంట్లో పెండ్లాం మైమూన్‌కు మాత్రం ఇది కొరుకుడు పడలేదు. "ఊరికే కూచోనీకి జమ్మలమడుగు దాకా ఎందుకు ఉమైర్ అబ్బా? ఇంట్లో కూచుంటే కాదా?"

"ఇంట్లో నువ్వుంటావు గదా."

"ఆ చెవిటి చెవికి నేను యాడ ఇనిపిస్తా?"

"నువ్వే ఇనిపిస్తావు."

ఇలా సాగుతున్న రోజుల్లో కోస్తా నుంచి పాస్టర్ విజయరత్నం కారేసుకుని జమ్మలమడుగు వచ్చాడు. ఆయనా క్వేకరే. వాళ్ళ అవ్వ కాలం నుంచి క్వేకర్లే. కాకపోతే ఆయన తరహా వేరు. పాటలుంటాయి, ప్రసంగం ఉంటుంది, పాస్టరుంటాడు. ప్రపంచంలో క్వేకర్లు ఎక్కువమంది ఇలాగే చేస్తారనీ, ఆఫ్రికాలో లక్షల మంది ఉన్నారనీ ఫోనులో ఫొటోలు చూపించాడు. అది నిజమే. చిన్నసుబ్బయ్య పసుపు గుడ్డ విప్పి ఉత్తరం చూపించాడు. అదీ నిజమే. ఒకే పేరు పెట్టుకున్న ఇద్దరు మనుషులు ఒకరి రుజువు ఒకరు చూసి, ఎదుటివాడిది దొంగ నోటేమో అన్నట్టు వెలుతురుకెత్తి చూశారు.

"మీ అందరికీ ఒక మంచి హాలు కట్టిస్తామండీ" అన్నాడు పాస్టరు. "టైల్స్, ఫ్యాన్లు, బోర్డు. మీరు చేయాల్సిందల్లా ఈ విశ్వాస ప్రమాణం మీద సంతకం. తొమ్మిదే తొమ్మిది వాక్యాలండీ."

తిరుపాలు కాగితం చేతిలోకి తీసుకుని, "యాడ పెట్టాల సంతకం?" అన్నాడు.

"సదువుకోరా ముందు" అంది సిస్టరమ్మ.

"సదివితే పెట్టబుద్ధి కాదేమో సిస్టరమ్మా."

క్వేకర్లలో ఓట్లు లేవు. అందరికీ సమ్మతమైతేనే పని జరుగుతుంది, ఒక్కరు ఒప్పుకోకపోయినా ఆగిపోతుంది. వచ్చే నెల మొదటి ఆదివారం కూర్చుని తేల్చుకుందామని సిస్టరమ్మ చెప్పింది. అందరూ ఒప్పుకుంటారన్న నమ్మకంతో, ఆ శుభవార్త వీధంతా వినాలని పాస్టరు ముచ్చటపడి మైకు సెట్టు మాట్లాడుకున్నాడు. ఎవరితో అనేది చెప్పనక్కర్లేదు.

ఆ నెలంతా బాషా సరిగా తినలేదు. యేసే దేవుడనే ఆ తొమ్మిది వాక్యాలూ ఆయన మసీదు గడప దాటలేవు. సంతకం పెట్టకపోతే ఏడో కుర్చీ ఖాళీ చేయాలి. పెట్టినా దక్కేదేముంది? కొత్త హాల్లో పాటలు, పాటలకు పెట్టెలు, పెట్టెల పక్కన మళ్ళీ తనే. వారానికొక్క గంట తప్ప ఆయన అడిగిందేమీ లేదు. దానికీ గిరాకీ తగిలింది.

ఆదివారం పొద్దున్నే పోయి గదిలో మైకు పెట్టి, బయట కరెంటు స్తంభానికి రెండు హారన్లు కట్టాడు. కువైట్ నుంచి కొడుకు ఉమైర్ పంపిన కొత్త సౌండు మిక్సరు కూడా తెచ్చాడు. బతుకు పోయే పనైనా పని పనే. "పది కొట్టగానే ఆన్ చేసేయండి. వాల్యూమ్ ఇంకొంచెం పెంచండి" అన్నాడు పాస్టరు. బాషా పెంచాడు. పది కొట్టగానే ఆన్ చేసి, పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

పాస్టరు మరిచిపోయిందొకటుంది. ఇక్కడ ఏది తేల్చుకోవాలన్నా ముందు మౌనంగానే కూర్చుంటారు. ఎవరో ఒకరికి మాట తోచేదాకా కూర్చుంటారు. ఆయన తనకేసిన స్టూలు మీది నుంచి రెండుసార్లు లేవబోయాడు. సిస్టరమ్మ కండ్లు మూసుకునే వేలెత్తింది. ఎంతైనా క్వేకరవ్వ మనవడు. కూర్చున్నాడు.

మౌనం హారన్లలోంచి వీధిలోకి పోయింది. ఫ్యాను కిర్రు కిర్రుమన్నది బజారు దాకా వినిపించింది. చిన్నసుబ్బయ్య గొంతు సవరించుకుంటే వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన తిరుపాలు కడుపు రెండు హారన్లలోనూ స్పష్టంగా తన బాధ చెప్పుకుంది. పాస్టరు నిట్టూర్పు ఎదురు మేడకు తగిలి వెనక్కి వచ్చింది. అయిదు నిమిషాలు, పది, ఇరవై. మైకు మోగితే తలుపులు వేసుకునే జనం, మోగకపోయేసరికి ఇండ్లలోంచి బయటికొచ్చారు. ఎదురుగా టీ అంగడి కలీం ఏకంగా గది వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"బాషా మామా, సెట్టు చెడిపాయనా? మా అంగట్లో జనం గ్లాసులు పట్టుకోని చూస్తాండారు."

ముప్పై నాలుగేండ్లలో బాషా సెట్టు చెడిపోయిందన్నవాడు లేడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. లేచాడు. మైకు దగ్గరికి పోయి వేలితో రెండుసార్లు తట్టాడు.

"హలో. మైకు బాగానే పన్జేస్తాంది. ఈడ ఎవురూ ఏమీ చెప్పడంల్యా. మీకు ఇనిపిస్తాండేది అదే."

కూర్చోబోయాడు. కానీ ఆ గదిలో లేచినవాడు లోపలి మాటేదో చెప్పడానికే లేచాడని లెక్క. అందరూ తలలెత్తి ఎదురు చూస్తున్నారు. బాషా మైకు కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ కాగితంలో మాటలు తప్పని నేను చెప్పను. సిస్టరమ్మ పెడ్తే నిజంగా పెడ్తాది. తిరుపాలు యాడన్నా పెడ్తాడు."

"ఏంది మామా!" అన్నాడు తిరుపాలు.

"నేను పెట్టలేను. నాది జుమ్మా. సుబ్బయ్యన్న పెట్టలేడు. ఆయనది ఏమీ ల్యా. ఇన్నాళ్ళూ ఈడ ఎవురూ ఎవుర్నీ అడగల్యా, కాబట్టి కూచున్యాం. హాలు మంచిదే. హాలొస్తే మైకొస్తాది. మైకొస్తే పెంచమంటారు. నా బతుకంతా పెంచడమే అయిపాయ. నాకు ఈ గంట గావాల. నేను ఒప్పుకోను."

వచ్చి కూర్చున్నాడు. మైకు ఆపడం మరిచిపోయాడు.

సిస్టరమ్మ కండ్లు తెరిచి, తీర్మానాల పుస్తకం తీసి, రాసి, పద్ధతి ప్రకారం చదివి వినిపించింది. అది కూడా వీధంతా విన్నది. "ఒకరికి సమ్మతం లేదు. కాబట్టి మనకు సమ్మతం లేదు. విషయం పక్కన పెట్టడమైనది."

"ఒక్కరికండీ! ఒక్కరి కోసం టైల్స్ హాలు వదులుకుంటారా?" అన్నాడు పాస్టరు.

"ఇది మీ పద్ధతే గదప్పా" అన్నాడు చిన్నసుబ్బయ్య. "మీ అవ్వ చెప్పల్యా?"

అవ్వ చెప్పే ఉంటుంది. పాస్టరు లేచి అందరితో చేయి కలిపాడు, బాషాతో కూడా. ఆ మర్యాదకు లోటు చేయలేదు.

మర్యాద మర్యాదే, సువార్త సువార్తే. రెండు వారాలకు ఆ గదికి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో పాస్టరు మూడు రోజుల మహాసభలు పెట్టించాడు. సెట్టు పులివెందుల నుంచి వచ్చింది. నాలుగు హారన్లు. రెండు సరిగ్గా సిస్టరమ్మ గది కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. బస్సు దిగి వస్తూ బాషా వాటిని పనివాడి కండ్లతో చూశాడు. కట్టడం బాగానే కట్టారు, గరగర ఎక్కువుంది.

గదిలోకి పోయి తన కుర్చీలో కూర్చున్నాడు. కుడి చెవి కిటికీకి ఎదురైంది. పది కొట్టింది. అవతల డ్రమ్ములు మొదలయ్యాయి. దోమ చచ్చింది గాని దాని స్థానంలో ఏనుగు దూరింది. బాషా లేచి చెప్పుల కోసం చూసుకున్నాడు.

ఆ గదిలో దేవుడి గురించి ఏడు అభిప్రాయాలున్నాయి గాని, కుర్చీల గురించి ఒకటే. ఎవరి కుర్చీ వాళ్ళది. దొరసాని పోయినప్పటి నుంచి మారలేదు. చిన్నసుబ్బయ్య ఎదురుగా ఉన్న తన కుర్చీలోంచి లేచి, బాషా మోచేయి పట్టుకుని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. తను పోయి బాషా కుర్చీలో కూర్చుని కండ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు కిటికీ వైపున్నది ఎడమ చెవి. డ్రమ్ములు ఎక్కడో పక్క ఊరి జాతరలా అయిపోయాయి. ఆరేండ్ల తర్వాత ఆ చెవికి ఒక పని దొరికింది. అవతల ఎవరో "ఇంకొంచెం పెంచండి" అన్నారు. బాషా చేయి అలవాటు కొద్దీ ఒళ్ళో కదిలింది. ఆ మాట తనతో అన్నది కాదని గుర్తొచ్చి ఆగింది.