లక్ష్మీనర్సమ్మ ఆదాయం

మొగుడు పోయినా, కొడుకు పోయినా, లక్ష్మీనర్సమ్మ నోట ‘లేదు’ అన్న మాట నర్సింహులపేటలో ఎవరూ వినలేదు. మనుమరాలు వర్షిణికి జనగామలో డిగ్రీ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ వస్తేనే చదువు సాగేది. దానికి ఆదాయం సర్టిఫికెట్ కావాలి. పిల్ల హాస్టల్‌లో ఉండడంతో ముసలామె ఒక్కతే మీసేవకు వెళ్లింది.

“ఏడాదికి ఎంతొస్తది అవ్వా?” అన్నాడు కంప్యూటర్ ముందున్న వీరేందర్.

వెనకాలే కిరాణా కొట్టు రాజమణి నిలబడి ఉంది. ఆమె ముందు తగ్గడమా!

“నాకేం తక్కువరా? మూడు లక్షలు రాయి.”

“గట్ల రాస్తే పిల్లకు స్కాలర్‌షిప్ రాదవ్వా.”

లక్ష్మీనర్సమ్మ కొంగు నడుముకు బిగించి, వరుసంతా వినేలా చెప్పింది.

“కూలికి పోతే బువ్వ, పోకుంటే పస్తు. గదే రాయి నాయినా.”

ఎవరూ నవ్వలేదు. రాజమణి మాత్రం మెత్తగా, “ఎండ మండుతున్నది అక్కా, నా ఆటోల పోదాం రా” అంది. ఊరు నవ్వినా తట్టుకునేదేమో గానీ, ఆ జాలిని తట్టుకోలేక నడిచే ఇల్లు చేరింది.

సాయంత్రం వర్షిణి ఫోన్ చేసింది. “పనైందా అవ్వా? తోడు ఎవలన్న వచ్చిండ్రా?”

“ఊరంత ఉన్నది బిడ్డా. నువ్వు మంచిగ సదువుకో.”

మాట ఆగిపోయాక కూడా, ఆ ఫోన్ చల్లబడేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.