వెళ్ళిపోవడమే అక్క పని

లకుముకి పిట్టకి లెక్కలు రావు. మా బావ ఫొటోగ్రఫీ అంతా ఈ ఒక్క నమ్మకం మీదే నిలబడి ఉంది.

తెల్లవారుతూనే ఇద్దరు మనుషులు కాలువ గట్టు మీదికి వెళ్ళి గుడ్డ డేరాలో దూరతారు. ఐదు నిమిషాలకి ఒకరు బయటికొచ్చి, వచ్చిన దారినే వెళ్ళిపోతారు. ఎక్కడో కొమ్మ చాటున కూర్చుని ఇదంతా కనిపెడుతున్న పిట్ట, అమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంటుంది. ఇద్దరొచ్చి ఒకరే వెళ్ళారేమిటని దానికి తట్టదు. ధైర్యంగా వచ్చి డేరా ఎదురుగా ఉన్న కర్ర మీద వాలుతుంది. లోపల మిగిలిన మనిషి టకటకా ఫొటోలు తీసుకుంటాడు. ఆ మిగిలే మనిషి మా బావ. వెళ్ళిపోయే మనిషి మా అక్క. పద్దెనిమిదేళ్ళుగా ఇదే ఏర్పాటు.

నేను అక్క పక్షమని ముందే చెప్పేస్తున్నాను. నాకు ముక్కు మీద కోపం, ముఖ్యంగా బావ మీద. అందుకని నేను చెప్పేదాంట్లో బావకి కాస్త అన్యాయం జరిగితే జరగనివ్వండి.

అక్క దర్జీ. ఇంటి ముందు గదిని మధ్యలో మందపాటి తెర కట్టి రెండు చేశారు. తెరకి ఇటు అక్క కుట్టు మిషన్, బడిపిల్లల యూనిఫాంలు, బొత్తాల డబ్బాలు. అటు బావ స్టూడియో, అంటే ఒక స్టూలు, ఒక తెల్ల గోడ, రెండు లైట్లు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్ళు మొహం బిగించి కూర్చోవాలి కదా. అక్క గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని కూడా మాట్లాడగలదు, మాట్లాడుతూనే ఉంటుంది. తెర ఇవతల నుంచి ఆమె ఏదో ఒకటి అంటుంది, అవతల కూర్చున్నాయన ఫక్కున నవ్వుతాడు, ఫొటో పాడవుతుంది. "కాసేపు నోటికి తాళం వెయ్యవే తల్లీ!" అని బావ రోజుకి పదిసార్లు వేడుకుంటాడు.

బావ దగ్గరికి సలహాల కోసం కుర్రకారు చాలామంది వస్తారు. ఏ కెమెరా కొనాలి, ఎన్ని పిక్సెల్స్ ఉండాలి అని. బావ ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పగా నేను చూడలేదు.

"కెమెరాదేముంది బాబూ, నాలుగేళ్ళకి పాతబడుతుంది. మంచి లెన్స్ కొనుక్కో, నీ పిల్లల దాకా వస్తుంది. అసలు లెన్స్ కంటే ముందు మంచి స్టూలు కొనుక్కో. నాలుగు గంటలు కదలకుండా కూర్చోలేనివాడికి ఎంత లెన్స్ ఉంటే ఏం లాభం?"

ఆయన లెన్స్ సెకండ్ హ్యాండ్‌ది. మోచేతి నుంచి వేలికొసల దాకా ఉంటుంది పొడవు. పైన రంగంతా చెక్కుకుపోయింది. నీళ్ళ దగ్గర మెరవకుండా అక్క దానికి మట్టిరంగు గుడ్డతో కోటు కుట్టింది, రెండు బొత్తాలతో సహా. మా ఇంట్లో ఇంత సరిగ్గా కొలతలు కుదిరిన కోటు ఇంకెవరికీ లేదు. కింద ఆనించడానికి ఎండు బఠాణీలు నింపిన సంచీ అక్కే కుట్టింది. డేరా కూడా అక్కే కుట్టింది, బావ కాగితం మీద రాసిచ్చిన కొలతలకి.

మిగతా పద్ధతులన్నీ బావవి. గూడు జోలికి పోకూడదు, పిట్ట చేపలు పట్టే చోట నీళ్ళలో కర్ర పాతి దూరంగా ఉండాలి. డేరాని ఒక్కసారిగా దగ్గర పెట్టకూడదు, రెండు వారాలపాటు రోజూ కొంచెం కొంచెం జరపాలి. సూర్యుడు మన వీపు వైపు ఉండాలి. లెన్స్ నీళ్ళకి జానెడు ఎత్తులోనే ఉండాలి, అప్పుడే పిట్ట మనల్ని కళ్ళలో కళ్ళు పెట్టి చూసినట్టుంటుంది. అక్కకి మాత్రం ఒకటే నియమం. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు.

"మనిషి వీపంటే పక్షికి భయం లేదు. మొహమంటేనే భయం. తిరిగావో, ఇక ఆ పూట రాదు," అని మొదటి రోజే చెప్పాడట.

అక్క ఒక్కనాడూ తిరగలేదు. గట్టు వెంట వంతెన దాకా పొడవాటి దారి. డేరా కిటికీకి ఎదురుగానే సాగుతుంది. ఆ దారంతా నడిచి, వంతెన దాటి, ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చునేది. పద్దెనిమిదేళ్ళలో ఆమె చూసిన లకుముకి అంతా కలిపి దూరాన సర్రున పోయే నీలం గీత ఒక్కటే. దగ్గర నుంచి ఎలా ఉంటుందో స్టూడియో గోడ మీద ఫ్రేముల్లో చూసుకోవలసిందే. వచ్చినవాళ్ళు ఆ ఫొటోలు చూసి బావని ఆకాశానికెత్తేస్తుంటే తెర ఇవతల నుంచి అక్క అరిచేది, "నేను వెళ్ళిపోబట్టే వచ్చిందండీ అది!" అని. అందరూ నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఈ ఏడు కాలువ గట్టు మీద నోటీసు బోర్డు వెలిసింది. వేసవి దాటగానే మట్టి గట్లు చెక్కేసి సిమెంటు గోడలు కడతారట. మట్టి గట్టు లేకపోతే పిట్టకి గూడు తొలుచుకునే చోటుండదు. అంటే ఇదే ఆఖరి సీజను.

ఆ సాయంత్రమే అక్క మిషన్ ఆపి, తెర పక్కకి లాగింది.

"ఈసారి ఒక్క పూట నేను లోపల కూర్చుంటాను. మీరు వెళ్ళిపోండి."

"నువ్వా? నాలుగు గంటలు నోరు మూసుకునా?" అని బావ పగలబడి నవ్వాడు.

అక్క తెర మళ్ళీ లాగేసింది. మర్నాడంతా నోరు విప్పలేదు. పళ్ళ మధ్య సూదులు, మిషన్ చప్పుడు, అంతే. పాస్‌పోర్టు ఫొటోలన్నీ ఆ రోజు ఒక్కటీ పాడవకుండా వచ్చాయి. సాయంత్రానికి బావ నాకు ఫోన్ చేశాడు. "మీ అక్కకి ఒంట్లో బాగాలేదేమో, ఒకసారి వచ్చి చూడు," అన్నాడు. అంత తెలివి మా బావది.

నేను వెళ్ళి చెడామడా దులిపాను. ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న రెండో రోజే, ఇన్నేళ్ళూ కుర్రాళ్ళకి స్టూలు మీద ఉపన్యాసాలిచ్చి తను మాత్రం విరిగిన పీట మీద కూర్చున్నందుకు నడుం పట్టేసింది. మూడు వారాలు కిందికి కూర్చోకూడదన్నాడు డాక్టరు.

"చూశావా, ఎలాగూ నువ్వే కూర్చోవాల్సొచ్చింది," అన్నాడు బావ మంచం మీద నుంచి.

"నేను అడిగింది మీ నడుం పట్టకముందు. అది గుర్తుంచుకోండి," అంది అక్క.

శిక్షణ కుట్టు గదిలోనే జరిగింది. కత్తిరింపుల బల్ల మీద బఠాణీల సంచీ, దాని మీద కెమెరా. సూదులు గుచ్చుకునే మెత్తని దిండుని దారానికి కట్టి నేను అటూ ఇటూ ఊపాలి. అది లకుముకి అనుకోవాలి.

"ఫోకస్ ముందే కర్ర మీద పెట్టి ఉంచుకో. షట్టర్ స్పీడ్ నేను పెట్టేశాను, ముట్టుకోకు. పిట్ట నీళ్ళలోకి దూకాక నొక్కితే లాభం లేదు, తల వంచగానే నొక్కాలి," అని బావ తెర పక్కన వేసుకున్న మంచం మీద నుంచి చెబుతున్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, అక్క వేలితో బటన్ నొక్కినప్పుడల్లా కుడికాలు కూడా నేలని నొక్కేది. ముప్పై ఏళ్ళుగా మిషన్ పెడల్ తొక్కిన కాలు! దాంతో ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగి దిండు ఫ్రేములోంచి జారిపోయేది. బావ నెత్తి కొట్టుకున్నాడు. నేను కాలు పట్టుకుని కూర్చున్నా ఆగలేదు.

నడవగలిగిన మొదటి రోజు బావ కర్ర పట్టుకుని గట్టు దాకా వచ్చాడు. నేను టీ ఫ్లాస్కుతో వంతెన దగ్గర ఆగాను. డేరాలోకి ఇద్దరూ వంగి దూరారు. కాసేపటికి బావ ఒక్కడే బయటికొచ్చి నడక మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ఇంకో పదడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. వంతెన చేరేలోపు ఐదుసార్లు లెక్కపెట్టాను.

"పెట్టిన రూలు మీదే కదా బావా!"

"లెన్స్ మూత తీసిందో లేదోనని..."

"మూత సంగతా, అక్క సంగతా?"

కూర్చోలేడు, నిలబడలేడు. వంతెన కమ్మీ పట్టుకుని ఆ గుడ్డ డేరా వంకే చూస్తున్నాడు. గంట గడిచింది. ఏ చప్పుడూ లేదు. "ఉక్కపోస్తుందేమో. నీళ్ళ సీసా ఇచ్చానా?" అంటాడు. రెండు గంటలు గడిచాయి. "ఇంతసేపు మాట్లాడకుండా ఎలా ఉందే?" అంటాడు. పద్దెనిమిదేళ్ళలో లోపల అక్క ఉండగా ఆ డేరాని ఆయన బయటి నుంచి చూడటం ఇదే మొదటిసారి. నాకు జాలేసింది. ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ, వేసింది.

ఎండెక్కాక అక్క బయటికొచ్చింది. జుట్టంతా రేగిపోయి, మోకాళ్ళ మీద మట్టి. మా దగ్గరికొచ్చి నోరు తెరిచింది గానీ మాట రాలేదు. టీ తాగింది. తాగాక అంది, "ఆ నీలం ఏ బట్టల కొట్లోనూ దొరకదే. ముప్పై ఏళ్ళుగా తానులు తిరగేస్తున్నాను, ఇలాంటిది చూడలేదు." ఇక అక్కడి నుంచి ఇల్లు చేరేదాకా నోరు ఆగలేదు. వచ్చిందట, కర్ర మీద వాలి తల అటూ ఇటూ తిప్పిందట, చేపని కర్రకేసి బాది మింగిందట. నాలుగుసార్లు వచ్చిందట.

మధ్యాహ్నం స్టూడియో కంప్యూటర్ ముందు ముగ్గురం చేరాం, బావ మాత్రం నిలబడే ఉన్నాడు. రెండువందల పన్నెండు ఫొటోలు. సగం ఖాళీ కర్ర, పావు వంతు నీళ్ళ తుంపర్లు. నూట అరవయ్యో దాని దగ్గర బావ ఆగిపోయాడు. లకుముకి నీళ్ళు చీల్చుకుని పైకి లేస్తోంది. ముక్కున చేప, చుట్టూ నీటి చుక్కలు, కన్ను స్పష్టంగా ఉంది. బావ పద్దెనిమిదేళ్ళుగా కలవరించిన ఫొటో అది. తోక మాత్రం లేదు.

"తోక ఏదీ?" అన్నాడు బావ నీరసంగా.

"కాలుని అడగండి," అంది అక్క.

మళ్ళీ మొదటికి వెళితే, మొట్టమొదటి ఫొటోలో బావ ఉన్నాడు. గట్టు మీద ఆగి, కర్ర మీద ఆనుకుని, బడిలో వదిలేసిన పిల్లాడిలా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"వెలుతురు సరిచూసుకోవడానికి మొదట ఎదురుగా ఏది కనిపిస్తే అది తియ్యమన్నారుగా. మీరే కనిపించారు," అంది అక్క.

బావ సొరుగు లాగి పాత డిస్కులు తీశాడు. ఒక్కొక్కటీ తగిలించి, ఒక్కొక్క రోజు ఫోల్డరు తెరిచి, మొదటి ఫొటో మీద నొక్కుతూ పోయాడు. ప్రతిదాంట్లోనూ గట్టు దారి, దారి మీద వెళ్ళిపోతున్న అక్క. మంచులో అక్క, వానకోటులో అక్క, నల్లటి జడతో అక్క, నెరిసిన ముడితో అక్క. ఆరువందల పైచిలుకు. ఒక్కదాంట్లోనూ మొహం లేదు.

ఫొటోగ్రాఫర్ పెళ్ళానికి పెళ్ళి ఫొటో తప్ప ఇంకో ఫొటో లేదని నేను ఎన్నోసార్లు దెప్పాను. బావ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

"వెలుతురు చూసుకోవడానికేలే," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "ఒక్కసారైనా వెనక్కి తిరుగుతావేమోనని చూసేవాణ్ణి."

"తిరగొద్దన్నది ఎవరండీ?"

"నేనే."

అక్క కంప్యూటర్ తెరకేసి వంగి చూసింది. కళ్ళు తుడుచుకుంది. "ఆ ఆకుపచ్చ కోటు వీపు మీద కుట్టు వంకరపోయింది. నాలుగేళ్ళు తొడిగాను. చూస్తూ ఊరుకున్నారా?" అంది. బావ నవ్వబోయి నడుం పట్టుకున్నాడు. అప్పుడు అక్క ఇంకో మాట అంది, ఈసారి మెల్లగా. "డేరా ఒక్కరికి సరిపడా మీరు కొలతలిచ్చారు, నేను కుట్టేశాను. ఇద్దరికి కావాలంటే ఇంకో రెండు గజాల గుడ్డ, ఒక పూట పని. ఇన్నేళ్ళూ మీరు అడగలేదు, నాకూ తోచలేదు."

తప్పు ఇద్దరిదీ కాబట్టి నేను ఎవరినీ తిట్టలేదు.

ఆ పై ఆదివారానికి డేరా తయారైంది. వెడల్పు పెరిగింది, బావ వీపు ఆనించుకునే కుర్చీ పట్టేలా ఎత్తూ పెరిగింది. సీజనులో అదే చివరి వారం. ముగ్గురం వెళ్ళి లోపల దూరాం. ఐదు నిమిషాలకి నేను బయటికొచ్చి వెనక్కి తిరక్కుండా వంతెన దాకా నడిచాను. పిట్టకి నా లెక్క సరిపోయిందో లేదో తెలియదు గానీ, నేను వంతెన చేరకముందే డేరాలోంచి అక్క గొంతు, ఆ వెంటనే బావ నవ్వు వినిపించాయి.

ఎండెక్కాక ఇద్దరూ బయటికొచ్చారు. "ఎన్ని వచ్చాయి?" అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లకుముకి రాలేదన్న సంగతి వాళ్ళకి అప్పుడు తెలిసింది.