‘ఇంటికి’ అని రాసిన ఫిల్ము డబ్బీ

మొన్న శుక్రవారం మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గరి షాపులో కొన్నాను. తెచ్చిన ఇద్దరిలో పెద్దాయన వెళ్తూ వెళ్తూ, “మేడమ్, ఇప్పుడే స్విచ్ వెయ్యమాకండి. మూడు గంటలు అలా వదిలెయ్యండి. తొందరపడితే పాడవుద్ది” అన్నాడు. సరేనని పాత ఫ్రిజ్‌లోని సామానంతా డైనింగ్ టేబుల్ మీదికి చేర్చాను. పెరుగు గిన్నె, సగం కొబ్బరి చిప్ప, గోంగూర పచ్చడి, అన్నిటి వెనకాల గుప్పిట్లో పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బీ. ఇది నా మూడో ఫ్రిజ్. ఫ్రిజ్ మారినప్పుడల్లా ఆ డబ్బీ కూడా కాపురం మారుతుంది. అందులో వాడని ఫిల్ము రోలు ఒకటుంది. మూత మీద అంటించిన కాగితమ్ముక్క మీద మా ఆయన గుండ్రటి చేతిరాతతో ‘ఇంటికి’ అని ఉంటుంది. ఆయన పోయి ఏడేళ్లయింది.

మా ఆయన కాలువల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. వారమంతా గీతలు గీసి, ఆదివారం రాగానే కెమెరా మెళ్లో వేసుకుని ఊళ్లు పట్టుకు తిరిగేవారు. అందరూ తీసే ఫొటోలు ఆయన కంటికి ఆనేవి కావు. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మని, కంటికి కనిపించని వెలుగును పట్టేది ఒకటుంది. మద్రాసులోని స్నేహితుడొకరు ఏడాదికి నాలుగైదు రోళ్లు పంపేవారు. దాని మీద పచ్చటి ఆకులు తెల్లగా, నీలాకాశం నల్లగా పడతాయి. మైలవరం మామిడితోటల ఫొటోలు చూసి మా అత్తగారు, “చెట్లకి సున్నం వేశారేంట్రా!” అన్నారు. ఆ ఫిల్ముకు చల్లదనం ఉండాలట, కాబట్టి కూరగాయల ట్రేలో సగం దానిదే. నా బెండకాయలు బయట వడిలిపోయేవి. వెలుతురు తగిలితే పాడవుతుందట, కాబట్టి డబ్బీ మూత తీసేది చీకట్లోనే. ఇంట్లో అయితే కిటికీకి నల్లగుడ్డ కొట్టిన బాత్‌రూమే ఆయన డార్క్‌రూమ్. బయటికెళ్తే, చేతులు దూర్చే నల్లసంచీ ఒకటుండేది. బస్సు దిగి ఏ అరుగు మీదో కూర్చుని, ఆ సంచీలో చేతులు పెట్టి తడుముకుంటూ కెమెరాలో ఫిల్ము వేస్తుంటే, జనం పాములవాడనుకుని మూగేవారట.

నన్నూ తీసేవారు, మా డాబా మీద, మల్లెతీగ పక్కన నిలబెట్టి. ఆ ఫిల్ము మీద మనిషి ఒళ్లు మీగడలా వస్తుంది. కానీ ఆ మీగడ నిండా ఆవగింజలంత గుండ్రటి చుక్కలు! చెంపల మీద, నుదుటి మీద, వెనకాల ఆకాశం మీద కూడా. మశూచి పోసినదానిలా ఉన్నాను. రెండో రోలూ అంతే, మూడోదీ అంతే. తోటలూ చేలూ తీసిన రోళ్ల మీద మాత్రం ఒక్క చుక్క ఉండేది కాదు.

ఆయన ముందు కుళాయి నీళ్లను అనుమానించారు. బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చి ఫిల్ము కడిగారు. తరవాత అనుమానం ఫిల్ము మీద బొమ్మను నిలబెట్టే హైపో మందు మీదికి పోయింది. “ఇంత సన్నటి నేత ఎక్కడా దొరకదోయ్” అని పొగుడుతూనే నా మంగళగిరి చీర కొంగు కత్తిరించి ఆ మందు వడకట్టారు. చీర పోయింది గానీ చుక్కలు పోలేదు. ఆ తరవాత నా తిరగమోత పొగ. అన్నీ అయ్యాక చివరికి నా పౌడరు. “నువ్వద్దుకునేదంతా ఎగిరొచ్చి ఫిల్ము మీద వాల్తోంది” అన్నారు. పౌడరు మానేసి నిలబడ్డాను. నాలుగో రోలు నిండా మళ్లీ అవే చుక్కలు. తీగకు ఆరేసిన ఆ నెగెటివ్ చూసి నాకు ఏడుపొచ్చింది. “మీ చేలకు రాని మచ్చలు నాకే వస్తున్నాయంటే లోపం నా మొహంలోనే ఉందండీ. ఇక ఆ చేలనే తీసుకోండి” అనేశాను.

మళ్లీ నేను ఆ కెమెరా ముందు నిలబడలేదు. తరవాత మద్రాసు నుంచి వచ్చిన రోళ్లలో ఒకటి పక్కకు తీసి, ‘ఇంటికి’ అని రాసి ట్రేలో పెట్టారు. “నీకెప్పుడు బుద్ధిపుడితే అప్పుడే” అన్నారు. పోయేదాకా ఏడాదికోసారి పెళ్లిరోజున అడిగేవారు. “చూద్దాంలెండి” అనేదాన్ని. కొన్నాళ్లకు ఆ ఫిల్ము రావడమే ఆగిపోయింది. మిగిలిన ఆ ఒక్కదాన్నీ ఆయన తోటలకు వాడుకోలేదు, నా మొండితనం నేను విడవలేదు.

శుక్రవారం కాఫీ తాగి టేబుల్ దగ్గరికి వచ్చేసరికి డబ్బీ ఒళ్లంతా చెమట. బెజవాడ గాలి కదా, చల్లటిదేది పెట్టినా నీరు కారిపోతుంది. తుడుద్దామని కొంగు తీసినదాన్ని ఆగిపోయాను. ఆవగింజలంత గుండ్రటి బొట్లు. ఆ కొలత నాకు బాగా తెలుసు.

లోపలికెళ్లి నెగెటివ్‌ల పెట్టె దించాను. కవరు కవరు మీదా ఎక్కడ తీశారో రాసి ఉంది. మైలవరం, మంగళగిరి ఫిల్ములు కిటికీకి ఎత్తి పట్టి చూశాను, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ‘డాబా’ అని రాసిన నాలుగింటి నిండా చుక్కలు. మైలవరానికి బస్సులో గంటకు పైనే. అంతసేపూ డబ్బీ మూత పెట్టే ఉండి, లోపలి ఫిల్ము మెల్లగా బయటి వేడికి అలవాటు పడేది. ఇంట్లో అలా కాదు. నేను సరేననడమే ఆలస్యం, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా చీకటిగదిలోకి పరుగు. మూత తీయగానే చల్లటి ఫిల్ముకు చెమ్మ పట్టేది. ఆ చీకట్లో ఆయనకు కనిపించేది కాదు. “గంట ఆగండి, జడ వేసుకుని చీర మార్చుకుని వస్తాను” అంటే, “గంటా! ఈలోపు నీ మనసు మారిపోతుంది. ఉన్నదానివి ఉన్నట్టు రా” అనేవారు. నీళ్లను, నా చీరను, తిరగమోతను, పౌడరును అనుమానించిన మహానుభావుడు తన తొందరను మాత్రం అనుమానించలేదు.

“ఏమండీ!” అని పైకే పిలిచాను. పిలిచాక గుర్తొచ్చింది. చెప్పాలని ఎంత ఉందో! నా మొహంలో ఏ లోపమూ లేదటండీ అని చెప్పి, ఇంకో మంగళగిరి చీర కొనిపించుకుని, గంటసేపు జడ వేసుకుని ఆ డాబా మీద నిలబడాలని ఉంది.

మూడు గంటలు కాగానే స్విచ్ వేశాను. ఆ ఫిల్ముకు గడువెప్పుడో తీరిపోయింది, నాకు తెలుసు. అయినా డబ్బీ తుడిచి మళ్లీ ట్రేలోనే పెట్టాను. నా జడకోసం గంట ఆగలేని మనిషి, నేను సరేనంటానని పదకొండేళ్లు ఆగారు.