రాగి గంగాళంలో వాన నీళ్ళు

కాపురానికి నరసరావుపేట వచ్చిన కొత్తలో నన్ను ఏడిపించినవి అక్కడి నీళ్ళు. మా బావి నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకులుగానే ఉండేది. అందుకని వాన పడితే చాలు, మా అత్తగారు చూరు కింద రాగి గంగాళం పెట్టించేది. తాగడానికీ పప్పుకీ ఆ నీళ్ళే. మావారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. మా పెరటి గోడ అవతలే పత్తి మిల్లు ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక మంచి బొగ్గు దొరక్కుండా పోయింది. మిల్లువాళ్ళు ఏదో నాసిరకం బొగ్గు తెప్పించారు. దాని పొగ అగ్గిపుల్ల గీసినట్టు ఘాటుగా ఉండి గొంతులో గీరుకునేది. ఇళ్ళ కప్పుల మీద మసి పేరుకుపోయింది.

తగరానికీ అప్పుడే కరువొచ్చింది. మా వీధి చివర రాగి గిన్నెలకు లోపల తగరం కళాయి పూసే సాయిబు ఉండేవాడు. అత్తగారు ఆయన్ని తమ్ముడూ అనేది, నేను బాబాయ్ అనేదాన్ని. గంగాళం తీసుకెళితే తల అడ్డంగా ఊపాడు.

"తగరం యాడుందక్కా? ఉన్న ముక్కతోనే పూస్తా. పల్చగా ఉంటది. పులుపు మాత్రం పెట్టబాక."

"వాన నీళ్ళు పట్టేదానికేగా. వానకి పులుపేంది?" అంది అత్తగారు.

వేసవంతా చినుకు లేదు. తొలకరి ఒక్కసారిగా కురిసి గంగాళం నిండింది. మర్నాడు ఒక గుక్క నోట్లో పోసుకుని ఊసేశాను. రాగి కాసు చప్పరించినట్టుంది. అత్తగారితో చెబితే, "కొత్త నీళ్ళు అట్టాగే ఉంటయ్‌లే" అని ఆమె చెంబెడు తాగింది. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. కళ్ళు లోతుకు పోతుంటే ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కింట్లో పసిపిల్లకీ అంతే. వాళ్ళు వాన నీళ్ళు పట్టిన రాగి బిందెకీ కళాయి వేసింది సాయిబే.

ఇక మాట పుట్టింది. సాయిబు తగరంలో ఏదో విషం కలిపాడన్నారు. మంచం మీద నీరసంగా పడున్న అత్తగారు కూడా, "నా తమ్ముడనుకున్నానే" అని కళ్ళు తుడుచుకుంది. సాయంత్రానికి ఆయన కొలిమి పగలగొట్టారు. అడ్డం వెళ్ళిన ఆయన భార్యకు నుదుటి మీద రాయి తగిలింది.

మావారు గంగాళం వంచి చూశారు. నీళ్ళున్నంత మేరా కళాయి పోయి, అంచున ఆకుపచ్చ చారిక కట్టింది. మళ్ళీ వాన పడ్డప్పుడు చూరు కింద ఒకటి, ఆరుబయట ఒకటి పింగాణీ గిన్నెలు పెట్టారు. బడి నుంచి తెచ్చిన నీలం లిట్మసు కాగితాలు ముంచితే రెండూ ఎర్రబడ్డాయి. చూరు నీళ్ళలోది ఇంకా ఎర్రన.

ఆ కాగితాలు పట్టుకుని వీధిలోకి వెళ్ళారు. "గాలి సోకితే ఏ వాన నీళ్ళకైనా రవ్వంత పులుపుంటుంది. దానితో ఏమీ కాదు. ఈ బొగ్గులో గంధకం ఎక్కువ. అది కాలి పొగై మబ్బులో తడికి కలిస్తే ఆమ్లమవుతుంది. కప్పు మీది మసి కూడా అందులో చేరింది. ఆ పులుపే పల్చటి కళాయినీ, దాని కింది రాగినీ తినేసింది. సాయిబు తప్పేం లేదు" అన్నారు.

"కాయితం ఎర్రబడితే తప్పు వానదంటావా పంతులూ?" అని ఒకాయన నవ్వాడు. మిల్లుకెళ్ళి చెబితే మేనేజరు నవ్వను కూడా లేదు. "యుద్ధం రోజులండీ, దొరికిన బొగ్గే తగలేస్తాం" అని పంపేశాడు.

మావారి మాట నమ్మింది అత్తగారొక్కతే. లేచి నిలబడే ఓపిక రాగానే నా భుజం పట్టుకుని సాయిబు ఇంటికి నడిచింది. అరుగుల మీద జనం చూస్తుండగా గుమ్మంలో కూర్చుంది.

"దాహంగా ఉంది తమ్ముడూ, కాసిని మంచినీళ్ళియ్యి."

ఆయన కదల్లేదు. నుదుటికి కట్టుతో ఉన్న ఆయన భార్య లోపలి నుంచి మట్టిముంతతో తెచ్చి ఇచ్చింది. అత్తగారు ఆ నీళ్ళు తాగి, "నిన్ను అనుమానించా. నా నోరు పడిపోనూ" అంది. ఆయన తల వంచుకుని, "నువ్వు తాగావు గానీ అక్కా, రేపు నాకు గిన్నెలెవరు తెస్తారు?" అన్నాడు.

ఎవరూ తేలేదు. కొన్నాళ్ళు చూసి, పెళ్ళాం బిడ్డలతో మాచర్ల రైలెక్కి అత్తవారి ఊరు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పత్రికల్లో ఆమ్లవర్షం అని రాస్తుంటే చదువుతున్నాను. ఆనాడు మా వీధిలో దానికి పేరు లేదు. మేము మాత్రం తొలి వానను వదిలేసి, తర్వాతి నీళ్ళు కుండల్లో పట్టేవాళ్ళం. పక్కవాళ్ళకూ చెప్పాను. కొందరు విన్నారు. పక్కింటి పసిపిల్ల తల్లి, విషం కలిపిన సాయిబు పోయాడుగా అని వినలేదు. మబ్బు పట్టినప్పుడల్లా ఆ ఇంటి చూరు కింద రాగి బిందె కనిపించేది. గోడ మీంచి వద్దమ్మా వద్దమ్మా అని అరిచేదాన్ని. ఆమె విసుక్కుని తలుపేసుకునేది.