చిన్న బిడ్డే కావాలన్నారు

ధర్మవరంలో నేను కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో రెండు పట్టు మగ్గాలుండేవి. ఒకదాని మీద నా మొగుడు నేసేవాడు, రెండోదాని మీద మా అత్త. నాకు నెల తప్పేనాటికి అత్తకు మోకాళ్లు పనికిరాకుండా పోయి, ఆ మగ్గం నా పాలైంది. అందుకే నా కడుపు గురించి ఇంట్లో అందరికీ ఒకటే దిగులు: కాన్పులో కోత పడకూడదు. కోత పడిన ఆడది ఆరు నెలలు మగ్గం గుంతలో కాళ్లు పెట్టలేదు.

కోత పడకుండా ఉండాలంటే బిడ్డ చిన్నగా ఉండాలి. బిడ్డ చిన్నగా ఉండాలంటే తల్లి తక్కువ తినాలి. ఎంత సులువో చూడండి! డాక్టర్లు అన్నేళ్లు దేనికి చదువుతారో ఏమో.

ఐదో నెల దాటగానే నా పళ్లెంలో సంగటి ముద్ద సగమైంది. అంగన్‌వాడీలో నాకని ఇచ్చిన గుడ్లు నా మొగుడి పళ్లెంలోకి పోయేవి. ఆయన దించిన తల ఎత్తకుండా తినేవాడు. ఆకలికి ఆగలేక ఒకరోజు డబ్బాలోంచి పిడికెడు చెనిక్కాయలు తీసి నోట్లో వేసుకుంటూ అత్తకు దొరికిపోయాను. తిట్టలేదు. డబ్బాను నా మొగుడి చేత అటక మీద పెట్టించింది, అంతే. ఆమె చెడ్డది కాదు, అదే నా ఖర్మ. నడుము నొప్పంటే తనే కూర్చుని కాపడం పెట్టేది. చెడ్డదైతే పోట్లాడేదాన్ని.

నెలనెలా చూసే నర్సమ్మ నా కనురెప్ప కిందికి లాగి, ఒంట్లో రక్తం లేదు, బాగా తినమని కసిరేది. పెట్టేవాళ్లుంటే తిననా తల్లీ అని నోటిదాకా వచ్చేది. పక్కన అత్త నిలబడి అన్నిటికీ తలూపేది.

ఏడో నెలలో శ్రీమంతం చేశారు. నా ముందర పళ్లేల నిండా కజ్జికాయలు, రవ్వలడ్లు. వచ్చినవాళ్లు కొంగుల్లో కట్టుకుని పోయారు. నా నోట్లో శాస్త్రానికి ఒక ముక్క పెట్టారు. పోనీలే అనుకున్నాను. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, నల్లమాడ పక్కన మా ఊరికి పోతే అమ్మ కడుపునిండా పెడుతుందని కొండంత ఆశతో బస్సెక్కాను.

మొదటి పూటే అమ్మ కూడా సగం ముద్దే పెట్టింది. నేను పళ్లెం వైపు, అమ్మ వైపు చూశాను.

“నువ్వు పుట్టేటప్పుడు లావుంటివి. బయటికి రాలేక మూడు దినాలు నన్ను సంపినావు పాపా,” అనింది. “నీకట్ల కాకూడదు. రెండు నెల్లు ఓర్చుకో.”

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు కదా, జనం దాన్ని నవ్వుతాలకు వాడతారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి నవ్వు రాలేదు. ఇద్దరూ నా మంచికే చేశారు. ఆ మంచి మండిపోను.

అందరూ కోరుకున్నట్టే జరిగింది. కోత పడలేదు. ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోలు కూడా లేదు. అత్త ఆ మోకాళ్లతోనే కుంటుకుంటూ వచ్చి ఆస్పత్రి వరండాలో అందరికీ చక్కెర పంచింది. బిడ్డకు రొమ్ము అందిస్తే చప్పరించే సత్తువ లేదు. అనంతపురం తీసుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టారు. నేను బయట నిలబడి ఆ పక్కటెముకలు కదలడం చూశాను. తొమ్మిదో రోజు కదలలేదు.

మా ఊళ్లో బాలింతకు పథ్యం గట్టిది. వెల్లుల్లి కారంతో నాలుగు మెతుకులు, గుక్కెడు నీళ్లు. ఏం తింటే పాల ద్వారా బిడ్డకు ఏమవుతుందోనని భయం. ఇంటికి వచ్చిన పూట నేను గోడకు ఆనుకుని కూర్చుంటే అమ్మ పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. రెండు నిండు ముద్దలు, పప్పు, మీద నెయ్యి.

“ఇంగ పథ్యమెందుకు పాపా, పాలు తాగేదానికి బిడ్డ లేదు కదా,” అనింది. “కడుపునిండా తిను.”

ఆ పళ్లెం విసిరికొట్టాల్సింది. కానీ నాకు ఆకలేసింది. రెండూ తిన్నాను, ఇంకో ముద్ద అడిగాను. అమ్మ పెట్టింది.